ఎవరి తెరకు కొలత తీయాలి?

ప్రభుత్వ శాఖల వెబ్‌సైట్ల అడుగున చాలాకాలం ఒక వాక్యం ఉండేది. ఈ సైటు 1024×768 రిజల్యూషన్‌లో బాగా కనిపిస్తుందని దాని అర్థం. కొన్ని పాత పేజీల్లో అది ఇప్పటికీ ఉంది. ఆ సైటు కట్టినవారి బల్ల మీదున్న మానిటర్ కొలత అది. చూసేవారి దగ్గరా అలాంటి మానిటరే ఉంటుందన్న నమ్మకంతో ఆ వాక్యం రాశారు.

ఒకప్పుడు ఆ నమ్మకానికి ఆధారం ఉండేది. ఇప్పుడు అదే పేజీని హాల్ టికెట్ కోసమో, కుల ధ్రువీకరణ పత్రం కోసమో తెరిచేవారిలో ఎక్కువమంది చేతిలో ఉండేది ఫోను. పేజీని రెండు వేళ్లతో పెద్దది చేసి, పక్కకు జరిపి, కిందికి లాగి, ఒక్కో గడి వెతుక్కుంటూ నింపాలి. చివరికి ‘సమర్పించు’ బటన్ తెర అంచుకు అవతల ఎక్కడో ఉంటుంది. అది దొరక్క విసిగి నెట్ సెంటర్‌కు వెళ్లి డబ్బులిచ్చి అదే ఫారం నింపించుకునేవారు ఎందరో. డిజైనర్ ఎంచుకున్న ఒక్క అంకె ఖరీదు అలా మరొకరి జేబు మీద పడుతుంది.

వెబ్‌సైటును ఏ తెర కొలతకు డిజైన్ చేయాలన్న ప్రశ్న వెబ్ పుట్టినప్పటినుంచీ నలుగుతోంది. జవాబు మాత్రం కనీసం నాలుగుసార్లు మారింది. ఎందుకు మారిందో తెలిస్తే, ఇవాళ ఏం ఎంచుకోవాలో తేల్చుకోవడం సులువవుతుంది.

640 నుంచి 960 దాకా

1987లో ఐబీఎం తన పీఎస్/2 కంప్యూటర్లతో పాటు తెచ్చిన వీజీఏ ప్రమాణంలో తెర కొలత 640×480. తొంభైల మధ్యలో వెబ్ జనంలోకి వచ్చేనాటికి చాలా ఇళ్లలో, ఆఫీసుల్లో ఉన్నవి ఆ కొలత మానిటర్లే. ఆ తర్వాత 800×600, దాని వెనకే 1024×768 వచ్చాయి. హైదరాబాద్ అమీర్‌పేటలోని మైత్రీవనం చుట్టుపక్కల శిక్షణ కేంద్రాల్లో వెబ్ డిజైనింగ్ నేర్చుకున్న ఒక తరానికి ఈ అంకెలు ఎక్కాల్లా నోటికి వచ్చు. పేజీని టేబుల్‌తో కట్టడం, దానికి స్థిరమైన వెడల్పు ఇచ్చి మధ్యలో నిలబెట్టడం అప్పటి పద్ధతి.

2006లో వాడుక సౌలభ్య నిపుణుడు జాకబ్ నీల్సన్, ఇకపై 1024×768ని ప్రధాన కొలతగా పెట్టుకోమని సూచించాడు. తెర ఎంతున్నా దానికి తగ్గట్టు సాగే లేఅవుట్ వాడాలని కూడా అదే సూచనలో చెప్పాడు. చాలాచోట్ల అమలైంది మొదటి సగమే. 2008లో నాథన్ స్మిత్ విడుదల చేసిన 960 గ్రిడ్ ఆ సగానికి చక్కటి రూపం ఇచ్చింది. 1024లో స్క్రోల్ బార్‌కూ అంచులకూ చోటు వదిలితే 960 హాయిగా ఇముడుతుంది. పైగా ఆ సంఖ్యను 2, 3, 4, 5, 6, 8, 10, 12, 16లలో దేనితో భాగించినా శేషం మిగలదు. కాలమ్‌లు విడగొట్టేవారికి అంతకంటే ఏం కావాలి? కొన్నేళ్లపాటు లెక్కలేనన్ని సైట్లు 960 పిక్సెళ్ల వెడల్పుతోనే తయారయ్యాయి.

దీనికి ఎదురు మాట అంతకుముందే వినిపించింది. 2000 ఏప్రిల్‌లో జాన్ ఆల్సాప్ అనే ఆస్ట్రేలియా డిజైనర్, తావో తత్వాన్ని ఆసరా చేసుకుని ఒక వ్యాసం రాశాడు. అచ్చు పేజీ మీద ఉండే అదుపును వెబ్ పేజీ మీద కోరడం తప్పనీ, ఏ తెరలోనైనా ఇమడగలగడం వెబ్‌కు పుట్టుకతో వచ్చిన గుణమనీ ఆయన వాదన. ఆ మాట బరువు పరిశ్రమకు తెలిసింది పదేళ్ల తర్వాతే.

ఫోను తెచ్చిన మార్పు

2007లో తొలి ఐఫోన్ 320×480 తెరతో వచ్చింది. అప్పటి సైట్లు ఎక్కువగా డెస్క్‌టాప్ తెర కోసం కట్టినవే కాబట్టి, యాపిల్ తన సఫారీ బ్రౌజర్‌కు ఒక ఉపాయం నేర్పింది. తెర వెడల్పు 980 అన్నట్టుగా పేజీని గీసి, దాన్ని కుదించి చూపించేది. అసలు వెడల్పు ప్రకారమే పేజీ గీయమని డిజైనర్ బ్రౌజర్‌తో చెప్పడానికి వ్యూపోర్ట్ ట్యాగ్‌నూ యాపిలే తెచ్చింది. ఒక్క వరుస కోడ్ అది. నేటికీ ఆ వరుస మరిచిపోయిన పేజీ ఫోనులో చీమతలకాయంత అక్షరాలతో తెరుచుకుంటుంది.

కొన్ని సంస్థలు ఫోన్ల కోసం ‘ఎం డాట్’ పేరుతో వేరే సైటు పెట్టాయి. అలా ఒకే సమాచారాన్ని రెండుచోట్ల సరిచూసుకోవాల్సిన పని పడింది. ఫోనులో పంపిన లింకును కంప్యూటర్లో తెరిస్తే సన్నటి పేజీ వచ్చేది. ట్యాబ్లెట్లు వచ్చాక వాటికి మూడో సైటు కట్టాలా అన్న ప్రశ్న కూడా లేచింది.

ఈ చిక్కుకు దారి చూపినవాడు ఈథన్ మార్కాట్. 2010 మే నెలలో రాసిన వ్యాసంలో ఆయన రెస్పాన్సివ్ డిజైన్ అనే పేరు పెట్టి మూడు పనిముట్లను ఒకచోట చేర్చాడు. శాతాల్లో సాగే గ్రిడ్, తానున్న గడిని దాటని బొమ్మలు, తెర వెడల్పును బట్టి రూపం మార్చే మీడియా క్వెరీలు. మూడూ విడివిడిగా అప్పటికే ఉన్నవే, కలపడమే కొత్త. 2011లో బోస్టన్ గ్లోబ్ పత్రిక తన సైటును ఈ పద్ధతిలో కట్టించింది. పెద్ద వార్తాపత్రికకే ఇది సాధ్యమైనప్పుడు మిగతావారు తటపటాయించడానికి కారణం లేకపోయింది. మొదట చిన్న తెరకు డిజైన్ చేసి, ఆ తర్వాత పెద్ద తెరకు విస్తరించాలన్న ల్యూక్ రోబ్లెస్కీ వాదన కూడా ఆ ఏడాదే పుస్తకంగా వచ్చింది.

ఈ మార్పు అవసరం ముందుగా కనిపించిన దేశాల్లో భారత్ ఒకటి. వెబ్ వాడకాన్ని లెక్కించే స్టాట్‌కౌంటర్ ప్రకారం ఇక్కడ మొబైల్ నుంచి జరిగే వెబ్ వాడకం 2012 మే నాటికే డెస్క్‌టాప్‌ను దాటింది. ప్రపంచం మొత్తంమీద మొబైల్, ట్యాబ్లెట్లు కలిసి డెస్క్‌టాప్‌ను దాటడానికి 2016 అక్టోబర్ దాకా పట్టింది. అంటే జియో రాకముందే, నోకియా ఫోన్లలో ఒపేరా మినీ వాడుతున్న రోజుల్లోనే ఇక్కడి పాఠకుడు ఫోనుకు మారిపోయాడు. ఆ పాఠకుడి కోసం కట్టిన సైట్లు మాత్రం చాలా ఆలస్యంగా మారాయి.

రిజల్యూషన్ అన్న మాటలో మూడు కొలతలు

ఈ చర్చలో సగం గందరగోళం ఒకే మాటను మూడు అర్థాల్లో వాడటం వల్ల వస్తోంది. ఫోను డబ్బా మీద రాసేది తెరలో నిజంగా ఉన్న చుక్కల సంఖ్య. డిజైనర్‌కు కావాల్సింది, పేజీ రూపం రాసే సీఎస్‌ఎస్ భాష లెక్కించే సీఎస్‌ఎస్ పిక్సెల్. ఇది చుక్క కాదు, కంటికి కనిపించే ఒక పరిమాణం. చేయి చాచినంత దూరంలో అంగుళంలో 96వ వంతు ఎంత కనిపిస్తుందో అంత.

ఒక ఉదాహరణ చూస్తే తేలిపోతుంది. చవక ఫోనులో 720×1600 చుక్కలుంటాయి. దానికి రెండింతల ధర ఫోనులో 1080×2400 ఉంటాయి. మొదటిదాంట్లో ఒక్కో సీఎస్‌ఎస్ పిక్సెల్‌కు అడ్డంగా రెండు చుక్కలు, రెండోదాంట్లో మూడు. 720ని రెండుతో, 1080ని మూడుతో భాగిస్తే వచ్చేది ఒక్కటే: 360. లేఅవుట్ విషయంలో ఆ రెండు ఫోన్లూ ఒకటే. రెండో ఫోనులో అక్షరం అంచులు నునుపుగా ఉంటాయి, అంతే తేడా. 2010లో ఐఫోన్ 4 చుక్కలను రెట్టింపు చేసినప్పుడు కూడా పేజీ వెడల్పు పాత 320గానే ఉండిపోయింది.

మూడోది వ్యూపోర్ట్, అంటే పేజీకి నిజంగా దక్కే చోటు. 1366×768 తెర ఉన్న ల్యాప్‌టాప్‌లో కింద టాస్క్ బార్, పైన ట్యాబులు, అడ్రస్ బార్ పోగా ఎత్తులో మిగిలేది సుమారు 650. పెద్ద మానిటర్ ఉన్నవారు బ్రౌజర్‌ను తెర నిండా పరుచుకుంటారన్న గ్యారంటీ కూడా లేదు. ఒకపక్క ఎక్సెల్, ఒకపక్క బ్రౌజర్ పెట్టుకుని పనిచేసే గుమాస్తా 1920 వెడల్పు తెర మీద కూడా 960లోనే సైటు చూస్తాడు.

లెక్కల పట్టిక చెప్పనిది

ఏ కొలతకు చేయాలో తెలియనప్పుడు ఎక్కువమంది స్టాట్‌కౌంటర్ వంటి పట్టికలు తెరుస్తారు. ఎక్కువగా వాడే తెర ఏదో చూసి దానికి చేసేస్తారు. 2012 ఏప్రిల్‌లో 1366×768 ప్రపంచవ్యాప్తంగా 1024×768ని వెనక్కి నెట్టి మొదటి స్థానానికి వచ్చింది. అయినా అప్పుడు దాని వాటా ఐదో వంతుకు కూడా చేరలేదు. అంటే మొదటి స్థానంలో ఉన్న తెరకు మాత్రమే సైటు కడితే, ప్రతి ఐదుగురిలో నలుగురిని పక్కన పెట్టినట్టే.

పట్టికలో కనిపించే కొన్ని అంకెలకు తెరల దుకాణంలో అసలు ఉనికే ఉండదు. 1536×864 అలాంటిది. ఆ కొలతతో మానిటర్ తయారుచేసే కంపెనీ కోసం వెతికితే దొరకదు. 1920×1080 ల్యాప్‌టాప్‌లో అక్షరాలు మరీ చిన్నగా ఉంటాయని విండోస్ 125 శాతం స్కేలింగ్ పెడుతుంది. ఆ 1920ని 1.25తో భాగిస్తే 1536. ఇది తెలియని డిజైనర్ తన కొత్త ల్యాప్‌టాప్‌లో 1920 వెడల్పు ఉందనుకుని గీస్తాడు. వాడేవారి పేజీకి అందులో 384 పిక్సెళ్లు తగ్గుతాయి.

సొంత సైటు అనలిటిక్స్ చూడటం ప్రపంచ పట్టిక కంటే నయం. అందులోనూ ఒక పెద్ద లోపం ఉంది. సైటు తమ తెరలో పనిచేయనివారు ఒకటి రెండు సార్లు చూసి మానేస్తారు. వారి సంఖ్య లెక్కల్లో తగ్గిపోతుంది. చిన్న తెరలవాళ్లు మా సైటుకు రారు కాబట్టి వారికోసం చేయనక్కర్లేదని నిర్వాహకులు తీర్మానిస్తారు. కారణం, ఫలితం తారుమారవుతాయి. 2017లో ప్రకటించిన జియోఫోన్ తెర 2.4 అంగుళాలు, 240×320. కోట్లమంది మొదటి ఇంటర్నెట్ ఫోను అది. వారిలో ఎంతమంది ఏయే సైట్లు తెరవబోయి వెనక్కి వెళ్లిపోయారో ఏ అనలిటిక్స్‌లోనూ నమోదు కాలేదు.

తెలుగు అక్షరం అడిగే చోటు

లేఅవుట్ రూపం మారే వెడల్పులను బ్రేక్‌పాయింట్లు అంటారు. వాటి అంకెలన్నీ ఇంగ్లిష్ పేజీల అనుభవంలోంచి వచ్చినవి. తెలుగు పేజీని ఆ కొలతలో పోస్తే కొన్నిచోట్ల అతకదు.

360 పిక్సెళ్ల ఫోనులో అటూ ఇటూ 16 చొప్పున అంచులు వదిలితే 328 మిగులుతుంది. రెండు బటన్లు పక్కపక్కన పెట్టి మధ్యలో 16 వదిలితే ఒక్కోదానికి 156. ‘సబ్మిట్’ అందులో హాయిగా పడుతుంది. ‘దరఖాస్తు సమర్పించండి’ పట్టదు, రెండో వరుసలోకి దిగుతుంది. బటన్ ఎత్తును 40 పిక్సెళ్లకు బిగించి ఉంటే ఆ రెండో వరుస సగం తెగిపోతుంది. తెలుగు మాట సమాసాలతో, ప్రత్యయాలతో పొడుగవుతూ పోతుంది. ‘విశ్వవిద్యాలయాలలోని’ అన్న ఒక్క మాట శీర్షిక అక్షరాల్లో ఫోను వెడల్పును మింగేస్తుంది. విరగడానికి మధ్యలో ఖాళీ లేదు కాబట్టి, డిజైనర్ ముందుచూపుతో ఏర్పాటు చేయకపోతే, అది తెర దాటి వెళ్లి పేజీ మొత్తాన్ని పక్కకు కదిలిస్తుంది.

ఎత్తు సంగతి ఇంకా సున్నితం. తెలుగు అక్షరానికి పైన గుడి, కింద వత్తు. ‘రాష్ట్రం’, ‘స్త్రీ’ వంటి మాటల్లో వత్తు కింద మరో వత్తు చేరుతుంది. వరుసల మధ్య ఇంగ్లిష్‌కు సరిపోయే ఎడం ఇస్తే పై వరుస వత్తులు కింది వరుస గుడిదీర్ఘాలను తాకుతాయి. ఇక ఫారంలోని గడి ఎత్తు చాలకపోతే వత్తు కనిపించకుండా పోతుంది.  ఊరి పేరులోని ‘పల్లె’ కాస్తా ‘పలె’ అవుతుంది. పేరులో ఒక్క అక్షరం తేడా ఉంటే దరఖాస్తు తిరిగొచ్చే చోట, రాసినది సరిగా ఉందో లేదో కూడా చూసుకోలేని స్థితి ఇది.

యూనికోడ్ తొలి కూర్పులోనే, 1991లో, తెలుగుకు చోటు దక్కింది. అయినా వాడుకలో స్థిరపడటానికి ఏళ్లు పట్టింది. అంతవరకూ పత్రికల సైట్లు తమ తమ ఫాంట్లు దింపుకుంటేనే చదవడానికి వీలయ్యేవి. ఆ అవరోధం తొలగింది. ఆండ్రాయిడ్‌లో నోటో సాన్స్ తెలుగు ఉంది, వెబ్‌లో వాడుకునేందుకు మండలి, రామభద్ర వంటి ఫాంట్లు ఉచితంగా దొరుకుతున్నాయి. అయితే ఒక్కో ఫాంట్‌లో అక్షరం ఎత్తు, వెడల్పు ఒక్కోలా ఉంటాయి. ఫాంట్ మారిస్తే బ్రేక్‌పాయింట్ కూడా మళ్లీ చూసుకోవాలి.

320 పాత ఫోను కాదు

తొలి ఐఫోన్ల కాలం పోయింది కాబట్టి 320 వెడల్పును వదిలేయవచ్చని కొందరంటారు. ఆ మాటకు రెండు అడ్డంకులున్నాయి.

మొదటిది కంటిచూపు. ఆండ్రాయిడ్ సెట్టింగుల్లో డిస్‌ప్లే సైజు పెంచితే అన్నీ పెద్దగా కనిపిస్తాయి. అక్షరం పెరిగిన కొద్దీ పేజీకి దక్కే వెడల్పు తగ్గుతుంది. 360 ఉన్న ఫోను 320 దగ్గరికి వస్తుంది. తాతయ్యకు చదవడానికి వీలుగా మనవరాలు సర్దిపెట్టిన కొత్త ఫోను, డిజైనర్ లెక్కలో పాత ఫోనైపోతుంది.

రెండోది ప్రమాణం. 2018 జూన్‌లో వచ్చిన డబ్ల్యూసీఏజీ 2.1 అనే వెబ్ అందుబాటు ప్రమాణం ప్రకారం 320 సీఎస్‌ఎస్ పిక్సెళ్ల వెడల్పులో పేజీని పక్కకు జరపకుండా చదవగలగాలి. 1280 వెడల్పు తెరలో చూపు తక్కువున్న వ్యక్తి పేజీని 400 శాతం పెంచుకుంటే మిగిలేది సరిగ్గా 320. భారత ప్రభుత్వ వెబ్‌సైట్ల మార్గదర్శకాల మూడో కూర్పుకూ ఆ డబ్ల్యూసీఏజీయే ఆధారం. అంటే ప్రభుత్వ సైటుకు 320 ఇష్టాయిష్టాల విషయం కాదు.

ఈ నియమం ఎందుకుందో తెలుసుకోవాలంటే ఈ-పేపర్ ఒకసారి ఫోనులో తెరిస్తే చాలు. అచ్చు పేజీని బొమ్మగా పెట్టిన రూపం అది. అక్షరం కనిపించేంత పెద్దది చేస్తే వరుస తెర దాటుతుంది. ప్రతి వరుసకూ కుడికి, ఎడమకు జరుపుకుంటూ చదవాలి. అదే వార్తను ఆ పత్రిక సైటులో విడి పేజీగా తెరిస్తే బొటనవేలితో కిందికి జరుపుకుంటూ పోవచ్చు.

వెడల్పాటి తెర, పొట్టి తెర

పెద్ద తెరకు తిప్పలు లేవనుకోవడమూ పొరపాటే. 1920 వెడల్పంతా పరిచిన పేరాలో ఒక వరుస చివరికి వెళ్లిన కన్ను తర్వాతి వరుస మొదలు వెతుక్కోవాలి. ఇంగ్లిష్ అచ్చు సంప్రదాయంలో వరుసకు 45 నుంచి 75 అక్షరాలు మేలని చెబుతారు. 2023 జనవరిలో ఇంగ్లిష్ వికీపీడియా కొత్త రూపానికి మారి పాఠం వెడల్పును పరిమితం చేసింది. అటూ ఇటూ తెల్లగా మిగిలిన చోటు చూసి చాలామంది రచయితలు గట్టిగా అభ్యంతరం చెప్పారు. పట్టికలకు వెడల్పు కావాలని కొందరు, చదవడానికి ఇదే హాయని మరికొందరు వాదించారు. పూర్తి వెడల్పుకు మార్చుకునే మీట ఒకటి ఇచ్చారు. రెండు పక్షాల మాటలోనూ నిజం ఉంది. పేరాకు ఇరుకు మేలు, పట్టికకు వెడల్పు మేలు. ఒకే పేజీలో రెండూ ఉన్నప్పుడు దేని హద్దు దానికి విడిగా పెట్టాలి.

ఎత్తును పట్టించుకునేవారు తక్కువ. ల్యాప్‌టాప్‌లో మిగిలే ఆ 650లో పైన కదలని మెనూ, దాని కింద ప్రకటన, అడుగున కుకీల అనుమతి పట్టీ పెడితే చదివే పాఠానికి నాలుగైదు వరుసలే మిగులుతాయి. ఫోనును అడ్డంగా తిప్పి పట్టుకుంటే ఇంకా తక్కువ.

బొమ్మల విషయంలో తెర కొలత నేరుగా డేటా ఖర్చుగా మారుతుంది. రెండు చుక్కల లెక్కన 360 ఫోనుకు 720 వెడల్పు బొమ్మ చాలు. డెస్క్‌టాప్ కోసం చేసిన 1920 వెడల్పు బొమ్మనే పంపితే పిక్సెళ్ల సంఖ్య ఏడు రెట్లు. ఒకే బొమ్మను రెండు మూడు కొలతల్లో ఉంచి, తెరకు తగినదాన్ని బ్రౌజరే ఎంచుకునే ఏర్పాటు వచ్చి చాలాకాలమైంది. వాడటమే తరువాయి.

ఎక్కడ విరగాలి

బూట్‌స్ట్రాప్ అనే డిజైన్ ఫ్రేమ్‌వర్క్ ఐదో కూర్పులో బ్రేక్‌పాయింట్లు 576, 768, 992, 1200, 1400. వీటిలో 768 నిలువుగా పట్టుకున్న తొలి ఐప్యాడ్ వెడల్పు కూడా. ఇలాంటి సిద్ధ కొలతలతో పని త్వరగా అవుతుంది, బృందంలో అందరూ ఒకే మాట మాట్లాడతారు. కానీ పరికరం పేరుతో పెట్టుకున్న కొలత ఆ పరికరంతోనే పాతబడుతుంది. మడత ఫోన్లు వచ్చాక ఒకే పరికరానికి రెండు వెడల్పులయ్యాయి.

అందుకే అనుభవజ్ఞులు వేరే దారి పట్టారు. బ్రౌజర్ కిటికీని 320 దగ్గర మొదలుపెట్టి మెల్లగా సాగదీస్తారు. వరుస మరీ పొడుగైనచోట, గడులు పల్చబడినచోట ఆగుతారు. అక్కడ ఒక బ్రేక్‌పాయింట్ పెడతారు. అది 600 కావచ్చు, 847 కావచ్చు. తెలుగు పేజీకి, దాని ఇంగ్లిష్ అనువాదానికి ఆ అంకె ఒకటే కానక్కర్లేదు.

2017లో సీఎస్‌ఎస్ గ్రిడ్ ప్రధాన బ్రౌజర్లన్నిటిలోకీ రావడంతో చాలా లేఅవుట్లకు బ్రేక్‌పాయింట్ అవసరమే తగ్గింది. 2023 ఫిబ్రవరికి కంటైనర్ క్వెరీలు కూడా అన్ని ప్రధాన బ్రౌజర్లకూ చేరాయి. తెర ఎంతుందని కాక, తనకు దక్కిన గడి ఎంతుందని చూసి ఆ భాగం తన రూపం మార్చుకుంటుంది. పక్క పట్టీలో ఇరుక్కున్న వార్తా పెట్టె ఒకలా, పేజీ మధ్యలో పరుచుకున్న అదే పెట్టె మరోలా కనిపించడం ఇప్పుడు కష్టమైన పని కాదు.

ఇన్ని ఉన్నా ఎక్కడో ఒకచోట కొన్ని అంకెలు రాసుకోక తప్పదు, ఎందుకంటే పరీక్షించడానికి కొలత కావాలి. తెలుగు పాఠకుల కోసం సైటు కట్టేవారికి ఒక చిన్న జాబితా సరిపోతుంది. 360 వెడల్పు మూల కొలత, మొదటి గీత అక్కడే గీయాలి. 320లో ఏదీ తెగకూడదు, దాటకూడదు. 768 దగ్గర ట్యాబ్లెట్, సగం కిటికీ రెండూ తేలిపోతాయి. 1366×768ని ఎత్తు కోసం చూడాలి, 1536ని వెడల్పు కోసం. 1920లో పేరా హద్దు మీరకుండా ఉంటే చాలు. ఈ కొలతల మధ్య పేజీ నీళ్లలా సర్దుకోవాలి.

పని పూర్తయిందనుకున్నాక చేయదగ్గ పరీక్ష ఒకటుంది, దానికి ఖరీదైన పరికరాలు అక్కర్లేదు. బృందంలో ఎవరి దగ్గరో ఉన్న చవక ఫోను తీసుకుని, డిస్‌ప్లే సైజును చివరి గీత దాకా జరిపి, ఫారం తెరిచి ఊరి పేరు గడిలో ‘పల్లె’ అని కొట్టాలి. లకారం కింద వత్తు పూర్తిగా కనిపిస్తోందా, ‘సమర్పించండి’ బటన్ పక్కకు జరపకుండానే వేలికి అందుతోందా అని చూడాలి.